డేనిష్ హాట్‌డాగ్: ఇంటి తయారీ

డెన్మార్క్‌లో వీధి బండ్ల మీద అమ్మే సాసేజ్ బన్నుకు డేనిష్ హాట్‌డాగ్ అని పేరు. పొడవాటి మెత్తని బన్నులో వేడి సాసేజ్ పెట్టి, దాని మీద టమాటా కెచప్, ఆవ ముద్ద, రెములాడ్ అనే పసుపుపచ్చని సాస్, పచ్చి ఉల్లి తరుగు, కరకరలాడే వేయించిన ఉల్లి, తీపి పులుపు కలిసిన కీరా చక్రాలు వరుసగా వేస్తారు. అమెరికా హాట్‌డాగ్ నుంచి దీన్ని వేరు చేసేవి ముఖ్యంగా మూడు: రెములాడ్, వేయించిన ఉల్లి, కీరా. సాసేజ్‌ను ఏ మాంసంతో చేసినా, అసలు మాంసమే లేకున్నా, ఈ మూడూ కుదిరితే డేనిష్ రుచి వస్తుంది. పంది మాంసం వాడకం తక్కువగా ఉన్న హైదరాబాద్ ఇళ్లలో కూడా దీన్ని చేసుకోవడానికి వీలున్నది అందుకే. కింది కొలతలు ఎనిమిది హాట్‌డాగ్‌లకు సరిపోతాయి.

చరిత్ర

డెన్మార్క్‌లో సాసేజ్ వాడకం పెరగడానికి పందుల పెంపకం పునాది. 1887లో జర్మనీ డేనిష్ పందుల దిగుమతిని నిలిపివేయడంతో అక్కడి రైతులు బ్రిటన్ మార్కెట్ కోసం బేకన్ తయారీ వైపు మళ్లారు. అదే ఏడాది హోర్సెన్స్ పట్టణంలో రైతుల సహకార కబేళా మొదలైంది. కొద్ది కాలంలోనే ఇలాంటివి దేశమంతా వెలిశాయి. మాంసం పరిశ్రమ ఇంతగా విస్తరించాక సాసేజ్ చవకగా దొరికే తిండి అయింది. తయారీ పద్ధతి మాత్రం జర్మనీ, ఆస్ట్రియాల ఫ్రాంక్‌ఫర్టర్, వీనర్ సాసేజ్‌ల నుంచి వచ్చింది.

వీధిలో నిలబడి తినడం మర్యాద కాదనీ, శుభ్రత ఉండదనీ కోపెన్‌హాగన్ నగరపాలకులు చాలాకాలం బండ్లకు అనుమతి ఇవ్వలేదు. చివరికి 1921లో ఆరు బండ్లతో అక్కడ అమ్మకం మొదలైంది. ఈ బండిని డేనిష్‌లో పోల్సెవోన్ అంటారు. మొదట్లో సాసేజ్‌ను చిన్న కాగితం మీద పెట్టి, పక్కన ఆవ ముద్ద వేసి ఇచ్చేవారు. బన్ను మధ్యలో సాసేజ్ ఇమిడ్చి ఇవ్వడం తర్వాతి కాలంలో వచ్చింది. చలిలో బండి దగ్గర నిలబడి తినే అలవాటు వల్ల పోల్సెవోన్‌కు జనం 'చలికాళ్ల కేఫ్' అని సరదా పేరు పెట్టారు. పిజ్జా, కబాబ్ దుకాణాలు, పెట్రోల్ బంకుల్లో హాట్‌డాగ్ అమ్మకాలు పెరిగాక బండ్ల సంఖ్య బాగా తగ్గింది. ఇటీవలి కాలంలో నాణ్యమైన సరుకుతో ఈ వంటకాన్ని మళ్లీ నిలబెట్టే ప్రయత్నాలు సాగాయి. కోపెన్‌హాగన్‌లో రౌండ్ టవర్ పక్కన 2009లో మొదలైన డోప్ అనే బండి సేంద్రియ మాంసం, సేంద్రియ రొట్టెతో పేరు తెచ్చుకుంది.

రకాలు

బండి మీద ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది కాల్చిన హాట్‌డాగ్. పెనం మీద కాల్చిన సాసేజ్‌ను పక్కకు చీల్చిన బన్నులో పెట్టి, తోడు పదార్థాలన్నీ వేస్తారు. రెండోది ఎర్ర సాసేజ్. పైతొడుగుకు ఎర్ర రంగు వేసిన ఈ సన్నని పొడవాటి సాసేజ్‌ను వేడి నీళ్లలో ఉంచి, చాలాసార్లు కాగితం మీద బన్ను పక్కన విడిగా ఇస్తారు. నిన్నటి సరుకని గుర్తు పట్టడానికి పూర్వం రంగు వేసి తక్కువ ధరకు అమ్మేవారని దీని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఈ రంగుకు వాడుతూ వచ్చిన కార్మైన్‌ను కోచినీల్ అనే పురుగుల నుంచి తీస్తారు కాబట్టి శాకాహారులు ఈ రంగును వాడరు. మూడోది ఫ్రెంచ్ హాట్‌డాగ్. గట్టి బన్ను ఒక కొసన రంధ్రం చేసి, లోపల సాస్ పోసి, సాసేజ్‌ను నిలువుగా దింపుతారు. దీనిలో ఉల్లి, కీరా ఉండవు. నడుస్తూ తినడానికి అనువైన రకం ఇది.

దోమలగూడ పరిసరాల్లో సరుకులు

హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్‌కూ ఇందిరా పార్కుకూ మధ్య ఉన్న దోమలగూడలో, దాన్ని ఆనుకుని ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో సాయంత్రం తిండి అంటే మిర్చి బజ్జీ, పునుగులు, చాట్, నూడుల్స్ బండ్లు. పోటీ పరీక్షల కోచింగ్ కోసం వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండే విద్యార్థులు వీటికి ముఖ్యమైన గిరాకీ. డేనిష్ హాట్‌డాగ్‌కు ఇక్కడ వీధి సంప్రదాయం లేదు. తినాలంటే ఇంట్లో చేసుకోవలసిందే.

కావలసిన సరుకుల్లో చాలావరకు మామూలు వంటింట్లోనే ఉంటాయి. ఉల్లి, కీరా, క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో దొరుకుతాయి. ఆవాలు, పసుపు, మిరియాలు, పంచదార, వెనిగర్ కిరాణా కొట్టు సరుకులు. వెంకీస్, గోద్రెజ్ యమ్మీజ్ వంటి కంపెనీల చికెన్ సాసేజ్‌లు సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో ఉంటాయి. పొడవు బన్నులు బేకరీల్లో హాట్‌డాగ్ రోల్ పేరుతో అమ్ముతారు. పప్పులో వేసే పసుపుపచ్చని దోసకాయ ఈ వంటకు పనికిరాదు. దాని కండ గట్టిగా ఉంటుంది, గింజ ముదురు, పులుపు కూడా ఎక్కువ. సన్నగా తరిగితే మెత్తగా వంగే కీరానే వాడాలి.

కీరా ఊరవేయడం

రెండు లేత కీరాలను చెక్కు తీయకుండా రెండు మిల్లీమీటర్ల మందాన చక్రాలుగా తరగాలి. చెంచాడు ఉప్పు పట్టించి 20 నిమిషాలు ఉంచితే నీరు ఊరుతుంది. ఆ నీటిని పిండేయకపోతే ఊరవేసే ద్రవం పలచబడుతుంది, తర్వాత బన్ను కూడా తడిసి ముద్దవుతుంది. 200 మిల్లీలీటర్ల వెనిగర్, 100 మిల్లీలీటర్ల నీళ్లు, 100 గ్రాముల పంచదార కలిపి, పంచదార కరిగేదాకా వేడిచేసి చల్లార్చాలి. అందులో ఐదారు మిరియాలు, పిండిన చక్రాలు వేసి ఫ్రిజ్‌లో కనీసం గంటసేపు ఉంచాలి. కిరాణాలో దొరికే తెల్ల వెనిగర్‌లో ఆమ్లం సుమారు 4 శాతం. అది ఇంతకన్నా గాఢంగా ఉంటే నీళ్లు కొంచెం పెంచాలి. గాజు సీసాలో, ఫ్రిజ్‌లో ఇది వారం రోజులు నిల్వ ఉంటుంది. నెలల తరబడి నిలిచే ఆవకాయలా దీన్ని బయట పెట్టకూడదు. ఇందులో ఉప్పూ నూనే రెండూ తక్కువే.

వేయించిన ఉల్లి

బిర్యానీ కోసం ఉల్లి వేయించడం హైదరాబాద్ ఇళ్లలో అందరికీ తెలిసిన పని. డేనిష్ ఉల్లికి మాత్రం రెండు తేడాలున్నాయి. బిర్యానీ ఉల్లిని పిండి లేకుండా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయిస్తారు. అన్నంలో ఆవిరి తగిలాక అది మెత్తబడి తీపిని వదలాలి. డేనిష్ ఉల్లికి మైదా పూత ఉంటుంది, రంగు లేత బంగారు వన్నె దాటకూడదు, సాస్ తగిలినా కొన్ని నిమిషాలు కరకరలాడుతూ ఉండాలి.

300 గ్రాముల పెద్ద ఉల్లిపాయలను సమానమైన సన్నని ముక్కలుగా తరిగి, పొరలు విడదీసి, బట్ట మీద పది నిమిషాలు ఆరబెట్టాలి. మూడు టేబుల్ స్పూన్ల మైదా, చిటికెడు ఉప్పు చల్లి, ప్రతి పోగుకూ పొడి అంటేలా కలిపి, ఎక్కువైన పిండిని జల్లెడలో దులపాలి. దులపకపోతే ఆ పిండి నూనెలో మాడి చేదు పుట్టిస్తుంది. 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఒక ముక్క వేస్తే చిన్న బుడగలు నిదానంగా వచ్చే వేడిలో, కొద్దికొద్దిగా వేసి కదుపుతూ వేయించాలి. కావలసిన రంగు కంటే ఒక మెట్టు ముందే తీయాలి. నూనెలోంచి తీశాక కూడా లోపలి వేడికి రంగు ముదురుతూనే ఉంటుంది. కాగితం మీద పలచగా పరిచి, పూర్తిగా చల్లారాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పోస్తే నాలుగైదు రోజులు కరకరలాడుతుంది. వానాకాలం తేమలో త్వరగా మెత్తబడుతుంది. అప్పుడు పొడి పెనం మీద సన్నని సెగన ఒకసారి తిప్పితే చాలు.

రెములాడ్

రెములాడ్ పుట్టినిల్లు ఫ్రాన్స్. డెన్మార్క్‌కు వచ్చాక అందులో ఊరవేసిన కూరగాయల తరుగు, పసుపు లేదా కర్రీ పొడి, పంచదార చేరి వేరే సాస్‌గా మారింది. దాని పసుపుపచ్చని రంగు పసుపు వల్లనే వస్తుంది. ఆధారం మయొనీస్.

మయొనీస్‌ను మామూలుగా పచ్చి గుడ్డు సొనతో చేస్తారు. గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటే వండని సాస్‌లో అది బతికే ఉంటుంది, వేడి వాతావరణంలో వేగంగా పెరుగుతుంది. కలుషిత ఆహారం గురించి ఫిర్యాదులు పెరగడంతో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్లతో చేసే మయొనీస్ తయారీ, నిల్వ, అమ్మకాలను ఏడాది పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా ఇలాంటి ఉత్తర్వే ఇచ్చింది. నిషేధం వ్యాపారాలకు సంబంధించిందే అయినా, ప్రమాదం ఇంటి వంటలోనూ అంతే ఉంటుంది. కాబట్టి పాలతో చేసే పద్ధతి మేలు.

కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లు, అర చెంచా ఉప్పు, చెంచాడు ఆవ ముద్ద చిన్న మిక్సీ జార్‌లో తిప్పాలి. మిక్సీ తిరుగుతుండగానే వాసన లేని పొద్దుతిరుగుడు నూనె 200 మిల్లీలీటర్లు సన్నని ధారగా పోయాలి. పాలలోని ప్రొటీన్లు నూనె బిందువులను చుట్టుకుని విడిపోకుండా పట్టి ఉంచుతాయి, ఆవ ముద్ద అందుకు సాయపడుతుంది. నూనె ఒక్కసారే పోస్తే, లేదా జార్ వేడెక్కితే సాస్ విరుగుతుంది. గట్టిపడ్డాక చివర్లో రెండు చెంచాల వెనిగర్ కలపాలి.

క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ ఒక్కొక్కటి రెండు టేబుల్ స్పూన్లు చాలా సన్నగా తరిగి, మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, వడకట్టి, వెనిగర్‌లో అరగంట నానబెట్టి గట్టిగా పిండాలి. ఈ తరుగును, రెండు టేబుల్ స్పూన్ల ఊరిన కీరా తరుగును, పావు చెంచా పసుపు, అర చెంచా కర్రీ పొడి, చెంచాడు పంచదారను సాస్‌లో కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే పసుపు పచ్చివాసన తగ్గి రంగు సమంగా పరుచుకుంటుంది. రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

ఆవ ముద్ద

డేనిష్ బండ్ల మీద వాడే ఆవ ముద్ద కాస్త తియ్యగా, ఘాటు తక్కువగా ఉంటుంది. మన ఆవాలు పొడి చేసి చల్లటి నీళ్లు కలిపితే ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. నలిగిన గింజలోని ఎంజైమ్‌కు నీరు తగలగానే ఆ ఘాటు పదార్థం తయారవుతుంది. తెల్ల ఆవాల్లో ఇది తక్కువ. రెండు టేబుల్ స్పూన్ల ఆవాలను వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, రెండు చెంచాల పంచదార, చిటికెడు పసుపు, కొద్దిగా ఉప్పు వేసి మెత్తగా రుబ్బి, సన్నని సెగ మీద రెండు నిమిషాలు తిప్పితే ఘాటు దిగుతుంది. బజార్లో దొరికే పసుపు రంగు మస్టర్డ్ సాస్ కూడా సరిపోతుంది.

బన్ను

300 గ్రాముల మైదా, 180 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, 25 గ్రాముల పంచదార, 5 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 30 గ్రాముల వెన్న కలిపి పది నిమిషాలు మర్దించాలి. లాగితే తెగకుండా పలచని పొరగా సాగేదాకా పిసకాలి. హైదరాబాద్ ఎండాకాలంలో 45 నిమిషాల్లోనే పిండి రెండింతలవుతుంది. డిసెంబర్, జనవరి చలిలో గంటన్నర కూడా పట్టవచ్చు. గడియారం కంటే పిండి పొంగు చూసుకోవడమే నమ్మకం. ఎనిమిది సమాన ఉండలు చేసి, ఒక్కొక్కటీ 15 సెంటీమీటర్ల పొడవున చుట్టి, ట్రేలో దగ్గర దగ్గరగా పెట్టాలి. పక్కపక్కన ఆనుకుని పొంగితే అంచులు మెత్తగా ఉంటాయి. మళ్లీ పొంగాక పైన పాలు రాసి, 200 డిగ్రీల సెల్సియస్ ఓటీజీలో 12 నుంచి 14 నిమిషాలు కాల్చి, వేడి మీదనే పలచని బట్ట కప్పాలి. బేకరీ బన్ను వాడితే తినే ముందు పెనం మీద మూత పెట్టి వెచ్చబెట్టాలి.

సాసేజ్

కొన్న సాసేజ్ వాడడం తేలిక. ఇంట్లో చేయాలంటే చికెన్ తొడ మాంసం మంచిది. ఛాతీ మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి సాసేజ్ పొడిగా, రబ్బరులా వస్తుంది. ఎముక తీసిన తొడ మాంసం 350 గ్రాములు, చికెన్ చర్మం 70 గ్రాములు ముక్కలు చేసి, గట్టిపడీ పడనంతగా ఫ్రీజర్‌లో ఉంచాలి. మిక్సీ జార్ కూడా అందులోనే పెట్టాలి. మాంసం, 7 గ్రాముల ఉప్పు ముందు తిప్పి, తర్వాత చర్మం, 70 గ్రాముల ఐసు పొడి, అర చెంచా తెల్ల మిరియాల పొడి, చిటికెడు జాజికాయ పొడి వేసి జిగురు ముద్దయ్యేదాకా ఆపి ఆపి తిప్పాలి. ఉప్పు మాంసంలోని ప్రొటీన్‌ను బయటికి తెస్తుంది, ఆ ప్రొటీన్ కొవ్వునూ నీటినీ పట్టి ఉంచుతుంది. ముద్ద వేడి 12 డిగ్రీలు దాటితే ఈ పట్టు సడలి, ఉడికేటప్పుడు కొవ్వు కారిపోతుంది. ఐసు అందుకే.

పేగు తొడుగు దొరకకపోతే ముద్దను ఎనిమిది భాగాలు చేసి, వేడికి తట్టుకునే ఆహార యోగ్యమైన క్లింగ్ ఫిల్మ్‌లో 18 సెంటీమీటర్ల పొడవున బిగుతుగా చుట్టి, కొసలు ముడివేయాలి. బన్ను కంటే సాసేజ్ పొడవుగా ఉండి రెండు కొసలా బయటికి రావడం డేనిష్ ఆనవాయితీ. 80 డిగ్రీల నీటిలో, అంటే అడుగున బుడగలు కనిపించినా మరగని నీటిలో, 20 నిమిషాలు ఉంచి, మధ్యభాగం వేడి 74 డిగ్రీలు దాటిందో లేదో థర్మామీటర్‌తో చూడాలి. వెంటనే చల్లటి నీటిలో వేస్తే బిగుస్తుంది. చల్లారాక పొర తీయాలి.

అంగడి సాసేజ్‌కు గులాబీ రంగు, ఎక్కువ నిల్వ నైట్రైట్ వల్ల వస్తాయి. చాలా మాంసపు ఉత్పత్తుల్లో దీన్ని కిలోకు 60 మిల్లీగ్రాములు మించి వేయకూడదని డెన్మార్క్ నియమం. యూరప్‌లో ఇతర చోట్ల పరిమితి ఇంతకన్నా ఎక్కువే. కొలతలో పొరపాటు ప్రమాదకరం కాబట్టి ఇంట్లో నైట్రైట్ వాడకూడదు. అది లేని సాసేజ్ బూడిద రంగులో ఉంటుంది. ఎరుపు కావాలంటే ముద్దలో కొద్దిగా బీట్‌రూట్ రసం కలపవచ్చు. వేడికి ఆ రంగు కొంత తగ్గుతుంది.

శాకాహార పద్ధతి

మాంసం వండని ఇళ్లలో క్యారెట్ మంచి ప్రత్యామ్నాయం. డెన్మార్క్‌లో కూడా క్యారెట్ హాట్‌డాగ్ వాడుకలో ఉంది. సమానమైన లావున్న క్యారెట్లను చెక్కు తీసి, కొసలు గుండ్రంగా చెక్కి, ఉప్పు నీటిలో చాకు సులువుగా దిగేదాకా ఉడికించాలి. మరీ మెత్తబడితే బన్నులో విరుగుతాయి. వెనిగర్, సోయా సాస్, నల్ల మిరియాలు, చెంచాడు ఆవ ముద్ద కలిపిన ద్రవంలో నాలుగు గంటలు నానబెట్టి, పెనం మీద నూనె వేసి మచ్చలు పడేదాకా కాల్చాలి. పాలతో చేసిన రెములాడ్‌లో గుడ్డు లేదు కాబట్టి మిగిలిన అమరిక మార్చనక్కరలేదు.

కూర్పు

సాసేజ్‌ను పెనం మీద అర చెంచా నూనెతో, మధ్యస్థమైన సెగన, అన్ని వైపులా రంగు వచ్చేదాకా తిప్పాలి. పెద్ద మంట మీద పైతొడుగు పగిలి రసం పోతుంది. వెచ్చని బన్నును ఒక పక్క అతుకు ఉండేలా చీల్చి సాసేజ్ పెట్టి, దాని పొడవునా కెచప్, ఆవ ముద్ద, రెములాడ్ మూడు గీతలుగా వేయాలి. వాటి మీద సన్నని పచ్చి ఉల్లి తరుగు, ఆపైన వేయించిన ఉల్లి చల్లాలి. సాస్ తడి ఉల్లిని పట్టి ఉంచుతుంది. చివర నీరు ఓడ్చిన ఐదారు కీరా చక్రాలు ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పరిస్తే ఉల్లి రాలకుండా కప్పు ఏర్పడుతుంది. ఈ వరుస తారుమారై వేయించిన ఉల్లి అడుగున పడితే సాస్‌లో నాని మెత్తబడుతుంది. కూర్చిన తర్వాత ఐదు నిమిషాల్లో తినాలి. అందుకే అతిథులు ఎక్కువమంది ఉన్నప్పుడు పదార్థాలన్నీ విడిగా గిన్నెల్లో పెట్టి, ఎవరిది వారు కూర్చుకునేలా ఏర్పాటు చేస్తారు.

డెన్మార్క్‌లో దీనితో చల్లటి చాక్లెట్ పాలు తాగడం అలవాటు. 1951లో ఎస్బియర్గ్‌లో మొదలైన కోచియో సీసా పాలు అందుకు ప్రసిద్ధి. ఇక్కడ చల్లటి పాలలో కోకో, పంచదార కలిపి ఇవ్వవచ్చు.

నిల్వ, భద్రత

వండిన సాసేజ్‌ను 5 డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలో రెండు రోజులు, ఫ్రీజర్‌లో నెల వరకు ఉంచవచ్చు. వడ్డన ఆలస్యమైతే 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉంచాలి, ఫ్రిజ్‌లోనైనా పెట్టాలి. ఈ రెండింటి మధ్య వేడిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఎండాకాలం కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగితే రెములాడ్‌ను పారబోయడమే క్షేమం. చిన్న పిల్లలకు సాసేజ్‌ను గుండ్రటి ముక్కలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి నిలువుగా చీల్చి చిన్న ముక్కలు చేయాలి. ఇంట్లో చేసి అమ్మాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.